బెర్గెన్‌లో మూడు రోజులు: ఫియోర్డ్‌కు టికెట్ ముందే, కొండకు మాత్రం ఆకాశం చూసి

ప్రశ్న: మేం కోపెన్‌హాగన్‌లో ఉంటాం. అమ్మానాన్న రాజమండ్రి నుంచి వేసవికి వచ్చారు. నాన్నకు 68, అమ్మకు 64. అమ్మకు మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కువగా ఎక్కలేదు. శాకాహారం, గుడ్డు కూడా ముట్టదు. జూన్ మూడో వారంలో శుక్రవారం మధ్యాహ్నం నార్వేలోని బెర్గెన్‌లో దిగి, సోమవారం సాయంత్రం విమానానికి తిరిగొస్తాం. ఫియోర్డ్ (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) చూడాలి. అర్ధరాత్రి సూర్యుణ్ని చూడాలని నాన్న కోరిక. అక్కడ ఎప్పుడూ వానేనని అందరూ భయపెడుతున్నారు. ఏ రోజు ఏం పెట్టుకోవాలి? మ్యూజియాలకు, ట్రామ్‌కు పనికొచ్చే బెర్గెన్ కార్డు కొనాలా? – ఒక పాఠకురాలు

జవాబు: ముందు నాన్నగారి కోరిక సంగతి చెప్పుకుందాం. అర్ధరాత్రి సూర్యుడు బెర్గెన్‌లో కనిపించడు. దానికి ఆర్కిటిక్ వలయం దాటాలి, అంటే 66 డిగ్రీల పైన ఉండాలి. బెర్గెన్ 60 డిగ్రీల దగ్గరే ఆగిపోయింది. బూడో, ట్రామ్సో వంటి ఊళ్లకు మళ్లీ విమానం ఎక్కాలి. మూడు రోజుల్లో అది కూడా ఇరికిస్తే రెండూ చెడతాయి. అయితే మీరు వెళ్లే వారంలో బెర్గెన్‌లో సూర్యుడు రాత్రి 11 దాటాక అస్తమించి, తెల్లవారుజామున 4 దాటగానే మళ్లీ ఉదయిస్తాడు. మధ్యలో కూడా చిమ్మచీకటి పడదు. రాత్రి పదిన్నరకు కొండ మీద నిలబడి పడమటి సముద్రం మీద ఎండ చూడొచ్చని ఆయనకు ముందే చెప్పండి, నిరాశ ఉండదు. నిద్రకు మాత్రం కళ్లగంతలు పట్టుకెళ్లండి. అన్ని గదులకూ మందపాటి పరదాలు ఉండవు.

ఇక వాన. భయపెట్టేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. అట్లాంటిక్ మీదుగా వచ్చే తడిగాలి ఊరి చుట్టూ ఉన్న కొండలకు తగిలి పైకి లేచి, చల్లబడి అక్కడే కురుస్తుంది. ఏడాదికి 2,000 మిల్లీమీటర్ల పైనే. 2006 అక్టోబరు చివర మొదలైన వాన 2007 జనవరి దాకా వరసగా 85 రోజులు రోజూ పడింది. కాని అది మన జడివాన కాదు, ముసురు. గంట పట్టి, అరగంట తెరిపిచ్చి, మళ్లీ పట్టుకుంటుంది. పైగా ఏప్రిల్, మే, జూన్ నెలలు అక్కడ మిగతా కాలం కంటే పొడిగా ఉంటాయి. కాబట్టి వాన పడుతుందా లేదా అన్నది వదిలేసి, తెరిపి ఇచ్చిన రెండు గంటలను దేనికి వాడుకోవాలన్నదే ఆలోచించండి.

మా సలహా మొత్తం దాని మీదే నిలబడింది. ఫియోర్డ్ ప్రయాణం ఒక్కదాన్ని తేదీ వేసి ముందే బుక్ చేయండి. మిగతాది ఏదీ ముందే బిగించకండి. ముఖ్యంగా కొండెక్కే టికెట్. ఫియోర్డ్ వానలో కూడా బాగుంటుంది. వాన పడ్డ రోజు గోడల్లాంటి కొండల మీద, ఎండలో కనిపించని జలపాతాలు కూడా కిందికి దూకుతుంటాయి. కొండ అలా కాదు. మేఘం దిగిన రోజు ఊరి పక్కనున్న ఫ్లోయెన్ కొండ పైకి వెళ్తే కనిపించేది తెల్లటి తెర ఒక్కటే, ఊరూ ఉండదు, సముద్రమూ ఉండదు. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. కొండకు శనివారం పదింటికి అని నెల ముందే రాసేసుకుని, ఫియోర్డ్‌ను ‘ఎండ వస్తే చూద్దాం’ అని వదిలేస్తారు. తీరా టికెట్లు అయిపోతాయి.

ఫియోర్డ్‌కు ఆదివారం పెట్టుకోండి. ఆ రోజు ఊళ్లో దుకాణాలు దాదాపు అన్నీ మూసే ఉంటాయి కాబట్టి పోయేదేమీ లేదు. శనివారం అమ్మగారు ప్రయాణ బడలిక తీర్చుకున్నట్టూ ఉంటుంది. దారి ఇది: బెర్గెన్ నుంచి వాస్‌కు రైలు, సుమారు గంటా పావు. వాస్ నుంచి గుడ్‌వాంగెన్‌కు బస్సు, సుమారు గంట. గుడ్‌వాంగెన్ నుంచి ఫ్లోమ్‌కు పడవ, రెండు గంటలు. ఫ్లోమ్ నుంచి మిర్‌డాల్‌కు కొండ రైలు, సుమారు గంట. మిర్‌డాల్ నుంచి మళ్లీ బెర్గెన్‌కు పెద్ద రైలు, రెండు గంటల పైన. మధ్యలో ఎదురుచూపులు కలిపితే పది నుంచి పన్నెండు గంటలు. రోజు పెద్దదే కాని దాదాపు అంతా కూర్చుని చేసే ప్రయాణం. మోకాళ్లకు ఊళ్లో తిరిగిన రోజు కంటే ఇదే సుఖం.

దీన్ని తిరగేసి, ముందు మిర్‌డాల్, ఫ్లోమ్ చూసి వాస్ మీదుగా కూడా రావచ్చు. మీకు మాత్రం వాస్ వైపు నుంచి మొదలుపెట్టడమే మేలు. పడవ ప్రయాణంలో అసలైన భాగం గుడ్‌వాంగెన్ దగ్గర మొదలయ్యే నారోయ్‌ఫియోర్డ్. 2005లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది దీన్నే. అతి ఇరుకైన చోట నీటి వెడల్పు 250 మీటర్లు మాత్రమే, రెండు పక్కలా కొండ నిటారుగా లేస్తుంది. ఆ తర్వాత పడవ వెడల్పయిన ఔర్లాండ్‌ఫియోర్డ్‌లోకి మలుపు తిరుగుతుంది. గుడ్‌వాంగెన్‌లో ఎక్కితే మొదటి గంటలోనే, ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే ఇదంతా కళ్ల ముందుంటుంది. ఎక్కగానే లోపల కుర్చీల కోసం వెతక్కండి, తిన్నగా బయటి డెక్ మీదికి వెళ్లండి. మలుపు తిరిగాక లోపలికి వచ్చి వేడిగా టీ తాగి, తెచ్చుకున్నది తినండి. చాలామంది ముందు తిని, తర్వాత బయటికి వస్తారు. అప్పటికి నారోయ్ దాటిపోయి ఉంటుంది.

ఉదయం బెర్గెన్‌లో రైలెక్కేటప్పుడు ప్రయాణ దిశలో ఎడమవైపు కిటికీ దొరికితే పట్టుకోండి. ఆర్నా స్టేషన్ దాటాక రైలు చాలాసేపు ఫియోర్డ్ ఒడ్డునే వెళ్తుంది, నీళ్లు ఎడమవైపే ఉంటాయి. ఫ్లోమ్ నుంచి పైకెళ్లే రైలు 20 కిలోమీటర్లలోనే సముద్రమట్టం దగ్గర నుంచి 867 మీటర్ల ఎత్తుకు ఎక్కుతుంది, మధ్యలో 20 సొరంగాలు. చోస్‌ఫాసెన్ జలపాతం దగ్గర ఫొటోల కోసం ఐదు నిమిషాలు ఆపుతారు. అక్కడి ప్లాట్‌ఫారం మీద తుంపర కొడుతూనే ఉంటుంది, నేల తడిగా ఉంటుంది. అమ్మగారు దిగేటట్టయితే చేయి పట్టుకుని దింపండి. మిర్‌డాల్‌లో జూన్‌లో కూడా పక్క కొండల మీద మంచు కనిపిస్తుంది, గాలి చురుక్కుమంటుంది. స్వెట్టర్ పెద్ద సంచిలో అడుగున కాకుండా చేతిలో ఉండాలి.

టికెట్లు కొనే వరస కూడా ముఖ్యం. ముందు ఫ్లోమ్ రైలు, తర్వాత పడవ, ఆ తర్వాతే మిగతావి. ఫ్లోమ్ రేవులో పెద్ద క్రూయిజ్ ఓడలు ఆగుతాయి. వాటిలో దిగినవాళ్లూ అదే రైలెక్కుతారు, అందుకే అది ముందుగా నిండిపోతుంది. మొత్తం కలిపి ఒకే ప్యాకేజీగా కూడా అమ్ముతారు, లోపల ఉండేవి ఇవే రైళ్లు, ఇవే పడవలు. విడివిడిగా కొంటే మార్పుకీ మార్పుకీ మధ్య ఎంత వ్యవధి ఉండాలో మీరే ఎంచుకోవచ్చు. గుడ్‌వాంగెన్‌లో, ఫ్లోమ్‌లో కనీసం నలభై నిమిషాలు చొప్పున ఉంచుకోండి. మరుగుదొడ్డికి వెళ్లడం, వరసలో నిలబడడం, అమ్మగారి నడక, అన్నీ అందులోనే సరిపోవాలి. కొనే ముందు ఇంకొకటి చూడండి: వేసవి వారాంతాల్లో పట్టాల మరమ్మతులకు బెర్గెన్ లైన్‌లో కొంతదూరం రైలు ఆపి బస్సులు వేస్తుంటారు. టైమ్‌టేబుల్‌లో ‘బుస్ ఫోర్ తోగ్’ అని కనిపిస్తే అర్థం అదే. ఆ వారాంతం అలా ఉంటే ఫియోర్డ్‌ను సోమవారానికి జరపాలని చూడకండి, సాయంత్రం విమానం తప్పిపోతుంది. దాని బదులు బెర్గెన్ రేవు నుంచే బయలుదేరి మూడు, మూడున్నర గంటల్లో తిరిగొచ్చే మోస్ట్రౌమెన్ పడవ ఎక్కండి. నారోయ్ అంత గంభీరంగా ఉండదు, కాని చివర్లో పడవ సన్నటి జలసంధిలోంచి దూరి వెళ్లే చోటు చూడదగ్గది. అమ్మగారికి పన్నెండు గంటలు కష్టమనిపించినా ఇదే చాలు.

శుక్రవారం ఎయిర్‌పోర్ట్ నుంచి ఊళ్లోకి బిబానెన్ అనే ట్రామ్ ఉంది. 45 నిమిషాల్లో ఊరి నడుమ ఉన్న బైపార్కెన్ స్టాపులో దింపుతుంది. ఎయిర్‌పోర్ట్ బస్సు త్వరగా వెళ్తుంది కాని టికెట్ మూడు రెట్ల పైనే. ట్రామ్‌లో టికెట్ అమ్మరు. స్టాపులోని మెషీన్‌లో గాని, అక్కడి రవాణా సంస్థ ‘షిస్’ టికెట్ యాప్‌లో గాని ఎక్కక ముందే కొనాలి. లోపల తనిఖీ చేసేవాళ్లు పట్టుకుంటే జరిమానా గట్టిగానే ఉంటుంది, తెలియదంటే వినరు. 67 ఏళ్లు దాటినవాళ్లకు ‘హొన్నోర్’ టికెట్ సగం ధరకు వస్తుంది, అది పర్యాటకులకూ వర్తిస్తుంది. నాన్నగారికి ఆ టికెట్ కొని పాస్‌పోర్ట్ దగ్గర ఉంచండి. అమ్మగారికి ఇంకా వయసు రాలేదు, మామూలు టికెట్టే. ఎలాగూ ముగ్గురి పాస్‌పోర్టులూ దగ్గరే ఉండాలి. డెన్మార్క్ ఇచ్చిన షెంగెన్ వీసా నార్వేకు కూడా చెల్లుతుంది, వేరే వీసా అక్కర్లేదు.

బస మాత్రం రైల్వే స్టేషన్‌కూ బైపార్కెన్‌కూ మధ్య చూసుకోండి, అక్కడ నేల చదును. ఫొటోల్లో ముచ్చటగా కనిపించే తెల్లటి చెక్క ఇళ్లు ఎక్కువగా కొండవాలు మీద, నూర్డ్‌నెస్ వైపు, సాండ్‌వికెన్ వైపు ఉంటాయి. వీధే ఏటవాలు, ఇంటి ముందు మళ్లీ మెట్లు. బుక్ చేసే ముందు వీధి ఫొటో తెరిచి గుమ్మం దాకా ఎన్ని మెట్లున్నాయో లెక్కపెట్టండి, లిఫ్ట్ ఉందో లేదో రాసి అడగండి.

వంటగది ఉన్న గది దొరికితే అమ్మగారి భోజనం బెంగ సగం తీరిపోతుంది. దిగిన రోజే కివి, రేమా 1000 లాంటి సూపర్‌మార్కెట్‌లో సరుకులు కొనేయండి, ఆదివారానికి కూడా కలిపి. బియ్యం, బంగాళాదుంపలు, డబ్బా శనగలు దొరుకుతాయి. పెరుగన్నానికి ‘యోగర్ట్ నాతురెల్’ తీసుకోండి. ‘కుల్తుర్‌మెల్క్’ అంటే చిక్కటి పుల్ల మజ్జిగ, ఉప్పేసి కాస్త నీళ్లు కలిపితే సరిగ్గా సరిపోతుంది. ‘రొమ్మె’ అని రాసి ఉన్నది పెరుగు కాదు, పుల్లటి మీగడ. పొరపాటున అది కలిపితే అన్నం జిడ్డుగా ముద్దవుతుంది. ఊళ్లో పేరున్న దాల్చినచెక్క బన్ను ‘షిల్లింగ్స్‌బొల్లె’ మీద గుడ్డు సొన పూసే అవకాశం ఉంది కాబట్టి అడిగి కొనండి. రేవు పక్కన చేపల మార్కెట్ చూడ్డానికి బాగుంటుంది, తినేవాళ్లకు ఖరీదెక్కువ, తినని అమ్మగారికి వాసన ఇబ్బంది. పక్క నుంచి నడిచి వెళ్లిపోతే చాలు. కుళాయి నీళ్లు నిశ్చింతగా తాగొచ్చు, సీసా కొనొద్దు. రాజమండ్రి నుంచి ఇంకెవరైనా నేరుగా నార్వేకు వచ్చేటట్టుంటే నెయ్యి, పాలకోవా లాంటి పాల పదార్థాలు పంపించొద్దని చెప్పండి. యూరప్ బయటి నుంచి మాంసం, పాల సరుకులు తేనివ్వరు. కందిపొడికి ఆ గొడవ లేదు.

కొండ ఎప్పుడెక్కాలి? ‘వైఆర్’ అని నార్వే వాతావరణ శాఖ, ప్రభుత్వ ప్రసార సంస్థ కలిసి నడిపే యాప్ ఉంది. వచ్చే 90 నిమిషాల్లో ఎక్కడ ఎంత పడుతుందో చూపిస్తుంది. వారం ముందు చెప్పే జోస్యాన్ని నమ్మకండి, ఈ గంటన్నర లెక్కను నమ్మండి. శుక్రవారం సాయంత్రం గాని, శనివారం గాని బయటికొచ్చి తల ఎత్తితే ఫ్లోయెన్ శిఖరం దగ్గరి భవనం కనిపించిందా, వెంటనే వెళ్లండి. 1918 నుంచి నడుస్తున్న ఫ్లోయ్‌బానెన్ అనే తాడు రైలు చేపల మార్కెట్‌కు రెండు నిమిషాల నడక దూరంలోనే మొదలవుతుంది. కొద్ది నిమిషాల్లో 320 మీటర్ల ఎత్తుకు చేరుస్తుంది. పైన దిగగానే నాలుగడుగుల్లో ఊరంతా కనిపించే వేదిక. అమ్మగారు అంతకంటే నడవక్కర్లేదు. రేవులో క్రూయిజ్ ఓడలున్న రోజు ఉదయం తొమ్మిదిన్నర నుంచి మధ్యాహ్నం మూడు దాకా వరస వీధిలోకి వస్తుంది. ఏ రోజు ఎన్ని ఓడలు వస్తాయో బెర్గెన్ రేవు వెబ్‌సైట్‌లో ముందే ఉంటుంది. మీకెలాగూ రాత్రి పదకొండు దాకా వెలుగుంటుంది కాబట్టి భోజనం చేసి రాత్రి ఎనిమిది, తొమ్మిది మధ్య వెళ్లడమే అన్నివిధాలా మంచిది. నాన్నగారి ఎండ కోరిక తీరేదీ అప్పుడే. దిగేటప్పుడు నడిచి రావడం చాలామందికి ఇష్టం, ముప్పావుగంట పడుతుంది. నాన్నగారు, మీరు దిగండి. అమ్మగారికి మాత్రం వద్దు. దిగుడులో మోకాళ్ల మీద పడే బరువు ఎక్కుడులో కంటే ఎక్కువ. ఆమెకు తిరుగు టికెట్ కూడా తీసుకోండి.

ఉల్రికెన్ ఇంకా ఎత్తు, 643 మీటర్లు, రోప్‌వే ఉంది. గాలి ఎక్కువైతే ఆపేస్తారు, కింది స్టేషన్‌కు చేరడానికే కొంత ఎక్కుడు. ఫ్లోయెన్ దొరికితే దీన్ని వదిలేసినా నష్టం లేదు.

బ్రిగ్గెన్ కోసం శనివారం ఉదయం పెట్టుకోండి. రేవుకు ఎదురుగా వరసగా నిలబడ్డ ఎరుపు, పసుపు చెక్క ఇళ్లే అందరి ఫొటోల్లో ఉంటాయి, కాని అసలు విశేషం వాటి వెనక సందుల్లో ఉంది. 1360 ప్రాంతంలో హాన్సా అనే కూటమికి చెందిన జర్మన్ వర్తకులు ఇక్కడ కార్యాలయం పెట్టారు. ఉత్తర నార్వే నుంచి ఎండబెట్టిన కాడ్ చేపలు కొని, బదులుగా ధాన్యం ఇచ్చేవాళ్లు. 1702లో అంతా కాలిపోతే పాత పద్ధతిలోనే మళ్లీ కట్టారు. అగ్గి భయంతో ఈ ఇళ్లలో పొయ్యి గాని, దీపం గాని పెట్టనిచ్చేవాళ్లు కాదు. చలి కాచుకోవడానికి, వండుకోవడానికి వెనకవైపు విడిగా షోట్‌స్టుయెనె అనే హాళ్లు ఉండేవి. వాటిని ఇప్పుడు లోపలికెళ్లి చూడొచ్చు. సందుల్లో నిలబడి పైకి చూస్తే గోడలు ఒకదాని మీదికి ఒకటి ఒరిగి ఉంటాయి. కట్టడంలో లోపం కాదది. 1955లో కొన్ని ఇళ్లు కాలిపోయిన చోట తర్వాత హోటల్ వచ్చింది. దాని పునాది దగ్గర భూగర్భ జలం కిందికి దిగిపోయింది. నీళ్లలో మునిగి ఉన్నంతకాలం చెక్కుచెదరని పునాది దూలాలు గాలి తగిలి కుళ్లడం మొదలై ఇళ్లు కుంగాయి. ఆ నీటిమట్టాన్ని మళ్లీ పైకి తేవడానికి పెద్ద పనే జరిగింది. సందుల్లో నేల చెక్కపలకలది, వానకు జారుతుంది. తోలు అడుగున్న చెప్పులు పనికిరావు. అమ్మగారు చీరలోనే ఉంటే పొడవాటి వానకోటు వేసుకుని, కుచ్చిళ్లు రెండంగుళాలు పైకి కట్టుకుని, రబ్బరు అడుగున్న మూసిన బూట్లు వేసుకుంటే చాలు. గొడుగు మీద ఆశ పెట్టుకోవద్దు, రేవు గాలికి తిరగబడుతుంది.

వాన పట్టేస్తే పక్కనే బ్రిగ్గెన్స్ మ్యూజియం. ఆ 1955 అగ్నిప్రమాదం తర్వాత తవ్వకాల్లో బయటపడ్డ వస్తువులు అక్కడ ఉన్నాయి. ఉత్తర యూరప్‌లో ఒకప్పుడు వాడిన రూనిక్ లిపిలో చిన్న కర్రల మీద చెక్కిన రాతలు వందల్లో దొరికాయి. రాజుల శాసనాలు కావు, సరుకు చీటీలు, ప్రేమ మాటలు, కబుర్లు. వాటిలో ఒకదాని మీద ‘నువ్వు ఇంటికి వెళ్లాలని గ్యూద అంటోంది’ అని ఉంటుంది. అమ్మగారికి ఇదొక్కటి చదివి వినిపించండి, ఆ గాజుపెట్టె దగ్గర కాసేపు నిలబడతారు.

సోమవారం ఏం చేయాలన్నది ఆ ఉదయం నిర్ణయించుకోండి. పొడిగా ఉంటే బిబానెన్ ఎక్కి హోప్ స్టాపులో దిగండి. సంగీతకర్త ఎడ్వర్డ్ గ్రీగ్ ఇల్లు ట్రోల్‌హౌగెన్ అక్కడికి దగ్గర. 1885లో కట్టిన ఇల్లు, కింద నీటి ఒడ్డున ఆయన స్వరాలు రాసుకున్న చిన్న గుడిసె, రాతిలో తొలిచిన సమాధి. స్టాపు నుంచి ఇరవై, పాతిక నిమిషాల నడక, కొంత ఎక్కుడు ఉంది. అమ్మగారికి ట్యాక్సీ మాట్లాడండి.

వాన పడితే రైల్వే స్టేషన్ దగ్గరే ఉన్న కుష్ఠు మ్యూజియం, పాత సెయింట్ యోర్గెన్ ఆసుపత్రి చూడమని గట్టిగా చెబుతాం. వేసవిలో తెరుస్తారు, ఆ రోజు వేళలు ముందు చూసుకోండి. కుష్ఠు సూక్ష్మజీవిని 1873లో గెర్హార్డ్ ఆర్మౌర్ హాన్సెన్ కనిపెట్టింది ఈ ఊళ్లోనే. అది వంశపారంపర్యమని నమ్మే రోజులవి. అదే హాన్సెన్ 1880లో ఒక రోగికి అనుమతి లేకుండా వ్యాధి ఎక్కించబోయినందుకు కోర్టులో ఓడి ఆసుపత్రి పదవి పోగొట్టుకున్నాడు. మ్యూజియంలో పొడవాటి చెక్క హాలుకు అటూ ఇటూ ఇద్దరు ముగ్గురు కలిసి జీవితాంతం బతికిన చిన్న చిన్న గదులు అలాగే ఉన్నాయి. ఇక్కడి చివరి రోగులు 1946లో చనిపోయారు. డిచ్‌పల్లి, సాలూరు ఆసుపత్రుల పేర్లు విని పెరిగిన మీ నాన్నగారి తరానికి ఈ గదులు కొత్తగా అనిపించవు. పై అంతస్తుకు మెట్లున్నాయి, కింది హాలు చూసినా సరిపోతుంది.

బెర్గెన్ కార్డు ఇప్పుడే కొనకండి. ఫియోర్డ్ రోజంతా ఊరి బయటే గడుస్తుంది, ఆ రోజుకు కార్డు దండగ. శనివారం ఉదయం లేచి చూసేసరికి రోజంతా ముసురే అనిపిస్తే, రెండు మూడు మ్యూజియాలు, ట్రామ్ అన్నీ కలిసొచ్చేలా 24 గంటల కార్డు అప్పుడు కొనండి. అది కొన్ని చోట్ల ప్రవేశం ఉచితం చేస్తుంది, కొన్ని చోట్ల తగ్గింపు మాత్రమే ఇస్తుంది. మీరు వెళ్లదలచుకున్న చోట్ల పేర్లు జాబితాలో వెతికి కూడుకోండి. నాన్నగారి సీనియర్ ధర కూడా లెక్కలో వేయండి, చాలాసార్లు దానితోనే కార్డు అవసరం లేకుండా పోతుంది. ఎండగా ఉంటే అసలు కొననే వద్దు. బ్రిగ్గెన్ సందులకు, బెర్గెన్‌హూస్ కోట ఆవరణకు టికెట్టే లేదు.

సోమవారం సామాను హోటల్లోనే వదిలి తిరగండి. ఎయిర్‌పోర్ట్‌కు బిబానెన్ ఒకటో నంబరు లైను బైపార్కెన్‌లోనే మొదలవుతుంది కాబట్టి అక్కడ ఎక్కితే ముగ్గురికీ సీట్లు దొరుకుతాయి. మధ్య స్టాపుల్లో, సాయంత్రం ఆఫీసుల వేళ, నిలబడాల్సి రావచ్చు. విమానానికి మూడు గంటల ముందు ట్రామ్ ఎక్కేలా చూసుకోండి.